మోడెం పాస్టరును తీసుకురాబోయి

నేను సంచి సర్దుకుంటుంటే, బోధన్‌లో చూడ్డానికి ఏముందని మా వీధి ఆడవాళ్ళు అడిగారు. తిరుపతి అంటే సరే, ఊటీ అంటే సరే, ఎండలు ముదురుతుంటే బోధన్ ఎందుకు అన్నారు. నేను చూడ్డానికి పోవడం లేదు, తేవడానికి పోతున్నాను అని చెప్పాను. తేవలసింది మా అన్నను.

మా అన్న దేవదానం బోధన్ దగ్గర ఒక చిన్న మెన్నొనైట్ క్రైస్తవ సంఘానికి పాస్టరు. బతుకు సగానికి పైగా అక్కడే గడిపాడు. కిందటి నెలలో వయసు నిండి విరమణ పొందాడు. వదిన పోయి రెండేళ్ళు దాటింది, పిల్లలు లేరు, ఒంట్లో షుగరు మాత్రం బోలెడంత ఉంది. పోయినేడాది కుడికాలి బొటనవేలికి పుండు పడి, మానడానికి నెలలు పట్టింది. నేను మహబూబ్‌నగర్‌లో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. అలాంటి పుండ్లు వేలి దగ్గర మొదలై మోకాలి దగ్గర ఆగడం ఎన్నిసార్లు చూశానో. అందుకే ముందుగది ఖాళీ చేయించి, కొత్త మంచం కొని, పరుపు మీద కవరు కూడా తీయకుండా ఉంచాను. ఇక వాడు నా కళ్ళ ముందు ఉండాలి, అంతే.

బయలుదేరే ముందు ఆ సంఘపెద్ద లింబాద్రి ఫోన్ చేశాడు. చెరకు రైతు, నెమ్మదస్తుడు. నేను వస్తున్నట్టు అన్న చెప్పినట్టున్నాడు. "మంచిది అక్క, రాండ్రి. ఆదివారం అందరం కూసోని అయ్యగారి మోడెం సంగతి మాట్లాడుకుందం. మీరు గూడ ఉంటే మంచిగుంటది" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి మా అమ్మాయి శిల్పతో చెప్పాను. అన్న సంఘం ఆరాధన ఆదివారం ఆదివారం ఫోన్‌లో లైవ్ వస్తుంది కానీ, అన్న నోరు తెరవగానే బొమ్మ ఆగిపోయి గిర్రున చక్రం తిరుగుతుంటుంది. ఇంటర్నెట్ మోడెం కావాలనుకుంటున్నారు కాబోలు అంది శిల్ప. పాపం, పోయేవాడి చివరి ఆరాధన అయినా సరిగ్గా చూపించాలని అనుకుంటున్నారేమో అని నాకు మనసు కరిగింది. సిమ్ వేసుకునే రకం ఒకదాన్ని రెండు వేలకు తెప్పించి, చీరల మధ్య పెట్టుకున్నాను. వీడ్కోలు కానుక అన్నమాట.

జీరో టికెట్టు

మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చింపి ఇస్తాడు. మగవాళ్ళు నిలబడి మనల్ని మిర్రిమిర్రి చూస్తుంటారు. హైదరాబాదులో బస్సు మారి నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కిటికీ సీటు దొరికింది. పక్కన ఏర్గట్ల ఊరి ముసలమ్మ ఒకామె కూర్చుంది, పట్నంలో కూతురిని చూసి వస్తోందట. అరచేతి గీతలు పసుప్పచ్చగా ఉన్నాయి. పసుపు తవ్వే రోజులు, ఉడకబెట్టి ఆరబోశాక ఎంత కడిగినా ఆ రంగు పోదట. కొడుకు బస్తాలతో నిజామాబాద్ మార్కెట్లో ఉన్నాడు, ధర ఎట్లా ఉందో తన కళ్ళతో చూడందే నిద్ర పట్టదు అంది.

ఆమె కాగితం పొట్లం విప్పి అనపకాయ గుడాలు పెట్టింది. ఉప్పు, పచ్చిమిరపకాయ, అంతే. మా పాలమూరులో అయితే పల్లీలు ఉడకబెట్టుకుంటాం. నేను తెచ్చిన పల్లీపట్టి ఇచ్చాను. ఆమెకు పళ్ళు లేవు, చీరకొంగున కట్టుకుని మనవరాలికిస్తానంది. ఏ పని మీద పోతున్నావు బిడ్డా అంటే సంగతంతా చెప్పాను. బస్సులో పరిచయమైన వాళ్ళకు మనం ఇంట్లో చెప్పనివి కూడా చెప్పేస్తాం కదా.

ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"గన్నేండ్లు ఉన్నోన్ని ఆ ఊరోళ్ళు ఇడుస్తరా?"

విడవక ఏం చేస్తారు, నా తోడబుట్టినవాడు అన్నాను. ఆమె గుడాలు చప్పరిస్తూ కిటికీలోంచి చూసింది. నాకు కాస్త మండింది.

ఇందల్వాయి దాటాక రోడ్డుకు అటూ ఇటూ చెట్లు చిక్కబడి గాలి చల్లగా కొట్టింది. డిచ్‌పల్లిలో యూనివర్సిటీ పిల్లలు బిలబిలమంటూ ఎక్కారు. అక్కడి పాత కుష్ఠురోగుల ఆసుపత్రి గురించి నర్సు ట్రైనింగులో వినేదాన్ని. చూద్దామని మెడ చాస్తే ఒక ఆడపిల్ల వీపు సంచి వచ్చి మొహానికి తగిలింది. అదే నేను చూసిన డిచ్‌పల్లి.

నిజామాబాద్‌లో మరిచిన డబ్బా

నిజామాబాద్‌లో దిగగానే ముక్కుకు పసుపు వాసన తగిలింది. మార్కెట్టుకు పోయే లారీలు వరసగా పోతున్నాయి. ఏర్గట్ల అవ్వ నా గడ్డం పట్టుకుని, మంచిగ పో బిడ్డా అని చెప్పి, నాకంటే వేగంగా జనంలో కలిసిపోయింది.

బస్టాండు ఎదురుగా ఒక ఇరానీ హోటలులో కూర్చున్నాను. చాయ్ పదిహేను రూపాయలు, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ మీద మీగడ మందంగా తేలుతోంది. సాసరులో పోసుకుని తాగుతుంటే ఎదురు బల్ల మీద ఇద్దరు మరాఠీలో పత్తి గురించి పోట్లాడుకుంటున్నారు. గల్లా దగ్గర ఉర్దూ, వంటింట్లో తెలుగు. మా ఊళ్ళో ఒక చాయ్‌కి ఒకే భాష సరిపోతుంది.

బోధన్ బస్సు కదులుతుందని ఎవరో అరిస్తే పరుగెత్తి ఎక్కాను. చాయ్ తాగేటప్పుడు చీరలు నలుగుతాయని మోడెం డబ్బా తీసి బల్ల మీద పెట్టిన సంగతే గుర్తులేదు. బస్సు గేటు దాటుతుండగా వెనక ఒకాయన, గళ్ళ లుంగీ ఎగ్గట్టుకుని, "అమ్మీ, ఆప్ కా డబ్బా" అని అరుస్తూ పరుగెత్తుతున్నాడు. గల్లా మీద కూర్చున్న మనిషే. ఆ ఒళ్ళేసుకుని అంత దూరం ఎట్లా పరుగెత్తాడో. కిటికీలోంచి డబ్బా అందించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసంతో నవ్వాడు. చాయ్ డబ్బులు కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. చేయి బయటికి పెట్టి నోటు చూపిస్తే, వాపసు వచ్చేటప్పుడు ఇవ్వమని సైగ చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చాను, మీరేమీ అనుమానం పెట్టుకోకండి.

పాలమూరోళ్ళ గుడి

బోధన్‌లో ఆటో అబ్బాయికి మెన్నొనైట్ చర్చి అని చెప్పాను. అతను బుర్ర గోక్కున్నాడు.

"మన్ననైటా? గది నైట్ డ్యూటీ ఆఫీసా అవ్వ?"

నేను జుట్టుకు రంగు వేసుకుని నెల కూడా కాలేదు, నన్ను అవ్వ అంటాడు. పాస్టరు దేవదానం గారి చర్చి అన్నాను. వాడి మొహం వెలిగింది. "పాలమూరోళ్ళ గుడి అని సెప్పరాదు" అని ఆటో తిప్పాడు.

అది నిజంగా మావాళ్ళ గుడే. ఒకప్పుడు పాలమూరు నుంచి కాలువలు తవ్వడానికి, చెరకు కొట్టడానికి జనం ఇక్కడికి వచ్చారు. మూటల్లో గిన్నెలు, గొంగళ్ళతో పాటు తమ ఆరాధన పద్ధతి కూడా తెచ్చుకున్నారు. చెరకు ఉన్నన్నాళ్ళు పని ఉంది, పని ఉన్నన్నాళ్ళు ఉండిపోయారు, తర్వాత ఇక్కడివాళ్ళే అయిపోయారు. లింబాద్రి తాతది మా మక్తల్ వైపు, తల్లిది ఇక్కడి రైతు కుటుంబం. పేరు ఇక్కడి గుట్ట దేవుడిది, మాట నిజామాబాదుది, సంఘం మెన్నొనైటు. ఊళ్ళో ఎవరికీ ఇందులో వింత కనపడదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి, సోయాకు మళ్ళారు. కొందరు ఇంకా చెరకే పట్టుకుని, బెల్లం వండుకుంటూ ఉన్నారు.

అన్న నన్ను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. చిక్కాడు. గదిలో పెట్టెకు తాడు కట్టి సిద్ధంగా పెట్టాడు. "నువ్వు రమ్మన్నవు, నేను సర్దుకున్న" అన్నాడు. ఇంత సులభంగా ఒప్పుకున్నాడే అని నా కడుపు చల్లబడింది. తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. అక్కడ రెండు మడులు కొత్తగా తవ్వి వంగనారు పెట్టి ఉంది. ఆకులు ఇంకా వాడిపోయే ఉన్నాయి, అంటే ఆ పొద్దుటే పెట్టినవి. ఊరు విడిచి పోయేవాడు వంగనారు పెడతాడా?

అడుగుదామని లోపలికి వచ్చేసరికి, అన్నం పెట్టడానికి లింబాద్రి భార్య గంగామణి వచ్చింది. జొన్నరొట్టె, పప్పు, ఎర్రకారం. పప్పు నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. మరాఠ్వాడా దగ్గర కదా, చిన్న బెల్లంముక్క వేస్తారట. మా దగ్గర పప్పులో బెల్లం వేసిన కోడలిని వాడంతా చెప్పుకుంటారు. నేను గిన్నె వాసన చూసి అన్న వైపు గుర్రుగా చూశాను. గంగామణి కంగారుపడలేదు. అయ్యగారిది వేరే గిన్నె, దాంట్లో బెల్లం లేదు, కావాలంటే రుచి చూడమంది. రుచి చూశాను. లేదు.

అదంతా మోడెమే

మర్నాడు శనివారం. లింబాద్రి నన్ను తన తోట చూపించడానికి తీసుకుపోయాడు. ఒక పక్క చెరకు కొట్టేస్తున్నారు, ఇంకో పక్క మోకాలెత్తు పచ్చటి తోట ఉంది. గట్టు మీద నిలబడి గర్వంగా చెయ్యి చాపాడు.

"ఆ పక్కది మొక్క తోట అక్క. ఇది మోడెం. ఈపాలి మోడెం మస్తుగొచ్చింది, సూడుండ్రి."

నేను తలెత్తి చూశాను. కరెంటు స్తంభం ఉంది, దానికి తీగలు ఉన్నాయి, డబ్బా మాత్రం కనపడలేదు. ఎక్కడుందయ్యా అన్నాను. ఇదంతా మోడెమే అన్నాడు. ఇంత పెద్దదా అన్నాను. ఇది ఎకరమే, బావి దగ్గర ఇంకో ఎకరం ఉందన్నాడు. అప్పటికి కూడా నా బుర్ర వెలగలేదు. మరి అంత మోడెం ఉండగా నన్నెందుకు అడిగారు, నేనూ ఒకటి కొనుక్కొచ్చాను, సంచిలో ఉంది అన్నాను.

లింబాద్రి నన్ను ఎగాదిగా చూశాడు. "సంచిల వట్టిందా అక్క?" అని మెల్లిగా అడిగాడు.

సంగతి తెలిశాక ఆయన గట్టు మీద కూలబడి నవ్వాడు. చెరకు కొట్టేవాళ్ళు కత్తులు దించి నవ్వారు. నాకూ ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. చెరకు కొట్టేశాక నేలలో మోళ్ళు ఉంటాయి కదా, వాటిని పీకెయ్యకుండా నీళ్ళు పెడితే మళ్ళీ పిలకలు వేసి తోట లేస్తుంది. కొత్త విత్తనం అక్కర్లేదు. ఆ రెండో పంటను మోడెం అంటారు. మా దిక్కు జొన్న, ఆముదం, పల్లీ. కోసిన పంట మళ్ళీ లేచి నిలబడటం మాకెక్కడ తెలుసు?

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుండగా ఫోన్‌లో విన్న మాట గుర్తొచ్చింది. అయ్యగారి మోడెం సంగతి. వీడ్కోలు లేదు, కానుక లేదు. మా అన్నను కొట్టేసిన చెరకు కింద లెక్క కట్టి, మళ్ళీ మొలిపించాలని చూస్తున్నారు వీళ్ళు.

"మా అన్న చెరకు గడ కాదు లింబాద్రీ. కాలు పోతే మళ్ళీ మొలవదు" అన్నాను.

ఆయన నవ్వు ఆపేశాడు. పై నుంచి కొత్త పాస్టరును ఇంకా పంపలేదు, ఎప్పుడు పంపుతారో తెలియదు, పెళ్ళిళ్ళు, చావులు, బాప్తిస్మాలు ఆగవు కదా అన్నాడు. అయ్యగారిని అడిగితే మా చెల్లె వస్తది, ఆమె చెప్పినట్టే చేస్త అన్నాడట. "గందుకే మిమ్ముల పిలిసినం అక్క. మీకు తెల్వకుంట ఆయనను ఉంచుకునుడు మంచిగుండదు."

నాకు ఒళ్ళు మండిపోతోంది, కానీ మర్యాదగా మాట్లాడేవాడి మీద ఎట్లా అరుస్తాం? ఆయన వెంట బెల్లం వండే చోటికి నడిచాను. పెద్ద పెనంలో పాకం కుతకుత ఉడుకుతోంది. ఒక ముసలాయన మోదుగాకులో వేడి బెల్లం వేసి ఇచ్చాడు. బంగారు రంగులో, వేళ్ళకు తీగలు సాగుతూ ఉంది. కోపంలో ఉన్నదాన్నే, రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను. కిలో డెబ్భై చొప్పున రెండు కిలోలు కొన్నాను కూడా. కోపం కోపమే, బెల్లం బెల్లమే.

కాళ్ళు కడిగే వేళ

ఆ సాయంత్రం అన్నకు గట్టిగా చెప్పేద్దామని వరండాలోకి వచ్చాను. అప్పటికే గంగామణి ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పట్టుకుని వచ్చింది. మోచేతితో నీళ్ళ వేడి చూసింది. అన్న కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నీళ్ళలో పెట్టించి, సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో ఒక్కొక్క వేలి సందు తుడిచింది. తర్వాత సెల్లు లైటు వేసి, అరికాలు ఎత్తి పట్టుకుని, మడమ నుంచి బొటనవేలి దాకా చూసింది. నేను నా డ్యూటీలో ట్రైనింగు పిల్లలకు చెప్పి చెప్పి విసిగిపోయిన పని అది. మచ్చ పడ్డచోట వేలితో నొక్కి, నొప్పి తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాడు వాడు.

నేను దగ్గరికి పోయి ఆ వేలు చూశాను. పుండు పూర్తిగా మానింది. కొత్త చర్మం గులాబీరంగులో ఉంది.

ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏడాదికొకసారి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనానికి ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. మా పాలమూరులో చిన్నప్పుడు నేనూ కడిగాను. చన్నీళ్ళలో చేతులు ముంచి, కితకితలు పెట్టి, పెద్దవాళ్ళతో తిట్లు తిన్నాను. రోజూ ఎవరు కడుగుతారు అని గంగామణిని అడిగాను. పుండు పడ్డ నాటి నుంచి ఇళ్ళ వంతులు వేసుకున్నారట, ఈ వారం వాళ్ళింటి వంతు. "యాడాదికొక్కపారి కడిగేటిది గిప్పుడు రోజు కడుగుతున్నం అక్క, గంతే" అంది టబ్బు ఎత్తుకుంటూ.

నా కళ్ళు చెమ్మగిల్లాయి. గట్టిగా చెప్పాలనుకున్నది మానేసి, అన్న పక్కన కూర్చుని, వంగనారు ఎప్పుడు కాస్తుందని అడిగాను. వాడు దొంగలా తల దించుకున్నాడు.

"ఉండాలని ఉందా అన్నా?"

"ఉంది. కానీ నువ్వు కొత్త మంచం కొన్నవంట గద."

వాడు ఆ మాట అన్న తీరుకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంట్లో ఇద్దరం ఉంటే ఎట్లా ఉంటుందో ఎన్నాళ్ళుగా అనుకున్నాను. పొద్దున కలిసి చాయ్ తాగడం, అమ్మ చేసిన చింతతొక్కు గురించి పోట్లాడుకోవడం. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళు లేరు. మా అమ్మాయికి ఆఫీసే సరిపోతుంది. ఇదంతా వాడికి చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఒక్క మాట

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నను బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి లోపల సభ పెట్టారు. వీళ్ళు చేతులెత్తి ఓట్లు వేయరు, ఒట్లు పెట్టుకోరు. ఒక్కొక్కరూ లేచి అవును అనో కాదు అనో ఒక్క మాట చెప్పాలి. ఒక్క కాదు వచ్చినా ఆ పని అక్కడితో ఆగుతుంది. అయ్యగారికి ఉన్న సొంత మనిషి ఈమె ఒక్కతే కాబట్టి ఈమె మాట కూడా లెక్కే అని లింబాద్రి చెప్పాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను కాదంటే అన్న నాతో వస్తాడు. వీళ్ళెవరూ ఒక్క మాట కూడా అనరు. అదే కష్టమైంది.

అడగకముందు నేను మాట్లాడొచ్చా అన్నాను. మాట్లాడమన్నారు.

లేచి నిలబడి, మోడెం లేవాలంటే ముందు ఏం చేస్తారు అని అడిగాను. మోళ్ళు నేలమట్టానికి చెక్కాలి, లేకపోతే పిలక పైనుంచి వచ్చి గాలికి పడిపోతుందన్నారు. ఖాళీలు ఉంటే? కొత్త మొలకలు పెట్టాలన్నారు. ఎన్నాళ్ళు ఉంటుంది? రెండేళ్ళు, మరీ మంచి భూమైతే మూడు అన్నారు. తర్వాత? దున్నేసి కొత్త విత్తనంతో మొక్క తోట పెట్టుకోవాలన్నారు.

"అట్లనే చెయ్యండి మరి" అన్నాను. ముందు పని నరకండి. ఆదివారం ఆరాధన, పెళ్ళి, చావు, అంతవరకే మా అన్నది. స్కూటరు మీద ఊళ్ళు తిరగడం లేదు. ఖాళీలు మీ పిల్లలు నింపాలి, వారం మధ్య ప్రార్థనలు వాళ్ళే నడపాలి. వాక్యం కూర్చుని చెప్పాలి. గుడిలో కూడా చెప్పులు వేసుకోవాలి, వట్టికాళ్ళతో ఒక్క అడుగు వేయకూడదు. రెండేళ్ళ తర్వాత ఇంకో మోడెం అని నాకు ఫోన్ చేస్తే ఊరుకోను, ఈలోపు కొత్త పాస్టరును వెతుక్కోవాలి. అప్పుడు వాడు నా ఇంటికి వస్తాడు.

పని తగ్గించమంటే ఎవరూ నోరెత్తలేదు. చెప్పుల దగ్గర మాత్రం గొడవైంది. వెనక ఒక పెద్దాయన లేచి, గుడిలోకి చెప్పులతో ఎవరూ వచ్చింది లేదు, ఇప్పుడు అయ్యగారే వేదిక మీద చెప్పులతో నిలబడితే పిల్లలకు ఏం చెబుతాం అన్నాడు. ఆయన మాటా తీసేసేది కాదు. గుడి గుమ్మం ముందు విడిచిన చెప్పుల వరస చూస్తే నాకూ ఎప్పుడూ మనసు నిండుతుంది.

గంగామణి కూర్చున్నచోటి నుంచే అంది. "కాళ్ళు కడిగేటోళ్ళం. సెప్పులు కడగలేమా?"

పెద్దాయన ఆలోచించి, సరే, గుమ్మం దగ్గర తానే కడుగుతానన్నాడు. అప్పుడు మొదలుపెట్టారు. మొదటి వరస నుంచి ఒక్కొక్కరూ లేచారు. అవును. అవును. చంకలో బిడ్డ ఉన్న కోడలు అవును అంది. పెద్దాయన గట్టిగా దగ్గి అవును అన్నాడు. ఆ మాట గదంతా తిరిగి, చివరికి నా దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. కవరు తీయని పరుపు కళ్ళలో మెదిలింది.

అవును అన్నాను.

అన్నను లోపలికి పిలిచారు. లింబాద్రి వాడినీ అడిగాడు. వాడు జవాబు చెప్పకముందు నన్ను వెతికి, "మా చెల్లె ఏమన్నది?" అన్నాడు. అవునన్నది అని అందరూ ఒక్కసారే చెప్పారు. వాడు కండువాతో మొహం కప్పుకుని, దాని వెనకాల నుంచి అవును అన్నాడు. తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పాట అందుకున్నారు, డోలక్ వచ్చింది, నా మోడెం కథ అప్పటికే అందరికీ చేరినట్టుంది, ఆడవాళ్ళు నన్ను చూసి పాట మధ్యలో నవ్వుతున్నారు. కోడికూర, బగారన్నం, చివర్లో బెల్లం పాయసం. అన్నకు పాయసం పెట్టబోయిన చేతులను మూడువైపుల నుంచి మూడు చేతులు ఆపాయి. నేను చెయ్యి చాపే అవసరమే రాలేదు.

వాపసు

సోమవారం బోధన్ బజారులో అన్నకు షుగరువాళ్ళు వేసుకునే మెత్తటి నీలం చెప్పులు కొన్నాను. ఆరువందలు చెప్పాడు, నాలుగువందల యాభైకి ఇచ్చాడు. డబ్బా మోడెం లింబాద్రికి అప్పగించాను. దాన్ని గుడి అల్మారా మీద, పెద్ద బైబిలు పక్కన పెట్టారు. బస్సెక్కేటప్పుడు గంగామణి రెండు చెరకు గడలు చేతికిచ్చింది, అవి ఎక్స్‌ప్రెస్‌లో ముందు సీటాయన మెడకు తగిలి నాకు తిట్లు తెచ్చిపెట్టాయి. వచ్చేటప్పుడు మనిషిని తెస్తానని పోయి, రెండు గడలు, రెండు కిలోల బెల్లంతో ఇల్లు చేరాను. మా వీధి ఆడవాళ్ళు మీ అన్న ఏడి అన్నారు. బెల్లం పెట్టాను.

తర్వాతి ఆదివారం పరుపు మీద కవరు చింపేసి, ఆ కొత్త మంచం మీదే కూర్చుని శిల్పా నేనూ ఫోన్‌లో ఆరాధన చూశాం. బొమ్మ అద్దంలా ఉంది, ఎక్కడా ఆగలేదు. అన్న కుర్చీలో కూర్చుని వాక్యం చెబుతున్నాడు, కాళ్ళకు నీలం చెప్పులు కనపడుతున్నాయి. కాసేపటికి మాటలో ఊపు వచ్చింది, చెయ్యి పైకి లేచింది, ఆ వెనకే మనిషి కూడా లేచి నిలబడ్డాడు. నేను ఫోన్ మీదకు వంగి, కూర్చో అన్నా అని అరిచాను. ఇక్కడి నుంచి వాడికేం వినపడుతుంది?

కానీ వాడు మాట ఆపాడు. ముందు వరసలో గంగామణి కాబోలు, ఏదో సైగ చేసి ఉంటుంది. వాడు సరిగ్గా ఫోన్‌లోకి, నా కళ్ళలోకి చూశాడు. తప్పు చేసిన పిల్లాడిలా నవ్వి, కుర్చీలో కూర్చున్నాడు.

"మోడెం మంచిగ పనిచేస్తున్నదమ్మా" అంది శిల్ప.

అవును అన్నాను.